కోడిపుంజు, ముళ్లపంది జంట పరిశోధన: నవ్వు తగ్గించాలా, రహస్యం తగ్గించాలా?

దేవరకొండ ప్రాంతం నుంచి అడిగిన మిత్రుని ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. ఇంటిల్లిపాదీ కలిసి చూసే యానిమేషన్ చిత్రం కోసం ఆయన కథ రాసుకున్నారు. జంతువులే మనుషుల్లా బతికే ఊరు అది. విత్తనం కోసం గుమ్మిలో దాచిన పల్లికాయ మాయమవుతుంది. పగలు తిరిగే కోడిపుంజు, రాత్రి తిరిగే ముళ్లపంది ఇష్టం లేకపోయినా జతకట్టి దొంగను వెతుకుతాయి. చివరకు దొంగ గుంటనక్క అని తేలుతుంది. చదివి వినిపిస్తే పిల్లలు మొదటి సగం బాగా నవ్వుతున్నారు, వెతుకులాట మొదలుకాగానే దిక్కులు చూస్తున్నారు, పెద్దలేమో దొంగ ఎవరో ముందే చెప్పేస్తున్నారు. నవ్వు తగ్గించాలా, రహస్యం తగ్గించాలా అన్నది ఆయన మొదటి ప్రశ్న. కుందేలు, నక్క జంటగా వచ్చిన హాలీవుడ్ చిత్రానికి ఇది నకలు అంటారేమో అన్నది రెండవది. ముళ్లపంది ముళ్లు విసిరినట్టు చూపవచ్చా అన్నది మూడవది.

మొదటిదానికి సూటిగా సమాధానం చెబుతాను. రెండింటిలో ఏదీ తగ్గించనక్కర లేదు. అవి ఒకదానితో ఒకటి కలవకుండా ఉండడమే మీ కథలోని చిక్కు. మొదటి సగంలో పిల్లలు దేనిని చూసి నవ్వారో, రెండవ సగంలో ముడి విప్పేది కూడా అదే కావాలి. మీ కథలో పుంజు తెల్లవారకముందే నిద్రపోతున్న ముళ్లపందిని లేపి తిట్లు తినడం నవ్వు పుట్టిస్తుంది, కాని ఆ నవ్వుకూ పల్లికాయకూ ఏ సంబంధమూ లేదు. అందువల్ల వెతుకులాట మొదలయ్యేసరికి పిల్లలకు తమకు నచ్చిన కథ ఆగిపోయి వేరే కథ మొదలైనట్టు అనిపిస్తుంది.

నేను చాలాకాలం హైదరాబాదులోని యానిమేషన్ సంస్థలకు పిల్లల కథలు రాశాను. ఇప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బడుల్లో పిల్లలతో కథల శిబిరాలు నడుపుతున్నాను. ఇటువంటి జంట కథలు ఎన్నో నా చేతికి వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే చోట తడబడతాయి: జంతువులను స్వభావం కోసం ఎంచుకుంటారే తప్ప శరీరం కోసం ఎంచుకోరు. ఒకటి కోపిష్టి, ఇంకొకటి శాంతమూర్తి. ఒకటి వాగుడుకాయ, ఇంకొకటి మౌనముని. అది మనుషులతోనూ రాయవచ్చు. జంతువులనే పెట్టుకున్నప్పుడు అవి ఏమి చూడగలవు, ఏమి వాసన పట్టగలవు, ఏ వేళ మేలుకొని ఉంటాయి, దేనికి గుడ్డివి అన్నదే మన పెట్టుబడి. ఒకరి కంటికి ఆనని ఆధారం రెండవవారి ముక్కుకు తగలాలి. ఎవరి దగ్గరా పూర్తి నిజం ఉండకూడదు, ఇద్దరి దగ్గరా చెరి సగం ఉండాలి. అప్పుడే ఆ జంట ఎందుకు విడిపోకూడదో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనవసరం లేకుండా తెలుస్తుంది.

మీ జంట ఈ విషయంలో నిజంగా అదృష్టవంతమైనది. కోడికి చీకట్లో చూపు చాలా తక్కువ, పొద్దుగూకగానే గూడు చేరుకోవడం అందుకే. కాని రంగులు గుర్తించడంలో దానిది మనకన్నా మిన్న. మన కంటిలో రంగులు పట్టే కణాలు మూడు రకాలైతే, కోడి కంటిలో నాలుగు రకాలు. ముళ్లపంది పూర్తిగా రాత్రి జీవి. దానికి రంగుల తేడాలు అంతగా పట్టవు, కాని భూమిలోని గడ్డలను, పల్లికాయను వాసనతోనే పసిగడుతుంది. పల్లి, గెనుసుగడ్డ వేసే రైతులకు దాని బాధ బాగా తెలుసు. అంటే ఊరు మొదట అనుమానించేది దానినే కావాలి, అనుమానించడానికి సరైన కారణమూ ఉంది. మీరు ఈ అవకాశాన్ని వదిలేసి అనుమానాన్ని నక్క మీదికి మళ్లించారు. నక్క జిత్తులమారిదని పిల్లవాడు ఉగ్గుపాలతోనే నేర్చుకుంటాడు కాబట్టి పెద్దలు ముందే చెప్పేయడంలో ఆశ్చర్యం లేదు. వారు ఆధారాలను బట్టి చెప్పడం లేదు, జాతిని బట్టి చెబుతున్నారు.

ఇక నేనైతే ఎలా తిరగరాస్తానో చెబుతాను. ఇది మీరు యథాతథంగా వాడుకోవాలని కాదు, పద్ధతి అర్థం కావడానికి మాత్రమే.

ముందుగా, పల్లికాయ మాయం కావడం కన్నా మారిపోవడం మేలు. మన పాలమూరు వైపు యాసంగి పల్లి వేసేవారు విత్తనాన్ని ఒలవకుండా కాయతోనే దాచి, విత్తడానికి కొద్దిరోజుల ముందే ఒలుస్తారు. ఒలిచి దాస్తే మొలకశక్తి త్వరగా పోతుంది. కథలో గుమ్మి నిండుగానే ఉంటుంది, ఊరంతా ధైర్యంగా ఉంటుంది, కాయ ఒలిచి విత్తుతారు. పది రోజులు గడిచినా చెల్కలో ఒక్క మొలక కనిపించదు. ఇప్పుడు ప్రశ్న "ఎవరు ఎత్తుకుపోయారు" అన్నది కాదు, "అసలు ఏమి జరిగింది" అన్నది. నకిలీ విత్తనాల బాధ ఎరిగిన మన ప్రాంతపు పెద్దవారికి ఈ ప్రశ్న ఎంత బరువైనదో వేరే చెప్పాలా? పిల్లలకు రహస్యం దొరుకుతుంది, పెద్దలకు తమ బతుకు కనబడుతుంది.

ఇప్పుడు నవ్వును ముడిలోకి తేవాలి. వానకాలంలో ఒక రాత్రి పుంజు వేళ కాని వేళ కూసిందని పెట్టండి. అపవేళ పుంజు కూస్తే ఊరికి అరిష్టమన్న నమ్మకం మన పల్లెల్లో ఉన్నదే. ఊరంతా లేచి చాటలు, చీపుర్లు పట్టుకొని పరుగెత్తి వస్తారు, పాలవాడు ఆ వేళప్పుడే పాలు పిండేస్తాడు, బడిపిల్లలు సంచులు తగిలించుకొని చీకట్లో వరుసకడతారు. ఆ రోజు నుంచి పుంజుకు "అపవేళ పుంజు" అన్న పేరు పడుతుంది. ఎక్కడికి వెళ్లినా పిల్లలు దాని వెనుక అడ్డదిడ్డంగా కూస్తుంటారు. పుంజు సిగ్గుతో ఆ రాత్రి సంగతి ఎవరు ఎత్తినా మాట మారుస్తుంది. ఇదంతా మొదటి సగంలో నవ్వు.

అయితే పుంజు ఊరికే కూయలేదు. జపాన్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పుంజు కూత దాని శరీరంలోని గడియారం మీద ఆధారపడి ఉంటుంది. వెలుతురులో మార్పే లేని చోట ఉంచినా అది తన వేళకు కూస్తుంది. హఠాత్తుగా వెలుతురు పడినా, ఇంకో పుంజు కూత వినబడినా కూడా కూస్తుంది, కాని ఆ స్పందన తెల్లవారుజామున బలంగా ఉంటుంది. కాబట్టి ఈ సన్నివేశాన్ని సరిగ్గా అర్ధరాత్రి పెట్టకుండా నాలుగవ జాముకు కాస్త ముందు వేళకు జరపండి. పాలవాడు, బడిపిల్లలు మోసపోవడానికి కూడా ఆ వేళే నమ్మశక్యంగా ఉంటుంది. ఆ రాత్రి పుంజు కళ్లమీద వెలుతురు పడింది. గుమ్మి పక్కకు ఎవరో కందిలి (లాంతరు) పట్టుకొని వచ్చారు.

ఇక్కడినుంచి ఆలోచించండి. కందిలి ఎవరికి కావాలి? చీకట్లో కళ్లు కనబడని వారికి. నక్కకు, జంగపిల్లికి, గుడ్లగూబకు, ముళ్లపందికి కందిలితో పనేమిటి? ఊరు ఇన్నాళ్లూ రాత్రి తిరిగేవారినందరినీ దొంగలుగా చూసింది. ఆ ఒక్క వెలుతురుతో వారందరూ నిర్దోషులవుతారు, అనుమానం పగటి జీవుల మీదికి మళ్లుతుంది. ముళ్లపంది ఆ రాత్రి అటువైపే ఉంది. వెలుతురు అంటే దానికి గిట్టదు కనుక పొదలోకి తప్పుకుంది, ముఖం చూడలేదు, గ్యాసునూనె వాసన మాత్రం పట్టింది. పుంజు వెలుతురును చూసింది, వాసన దానికి తెలియదు. ఇద్దరూ తమ తమ సిగ్గు వల్లా భయం వల్లా ఆ సంగతి దాచుకున్నారు. స్నేహం కుదిరి ఒకరికొకరు చెప్పుకున్న క్షణమే ముడి వీడుతుంది. స్నేహమూ పరిశోధనా వేర్వేరు దారుల్లో నడవకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

రెండవ ఆధారం కాయలోనే ఉంచండి. చెల్క నేలలో పండిన పల్లికాయను చేతిలోకి తీసుకొని చూడండి. డొల్లమీద వల అల్లినట్టు ఉండే గీతల మధ్య పల్లాల్లో ఎర్రటి మట్టి పట్టి ఉంటుంది, ఎంత దులిపినా పూర్తిగా పోదు. నల్లరేగడిలో పండిన కాయకు అక్కడ బూడిదరంగు మరక ఉంటుంది. మీ ఊరిది ఎర్రచెల్క అయితే గుమ్మిలోని కాయమీద నల్లమరక ఎందుకు ఉన్నట్టు? ఈ తేడా పుంజు కంటికి ఆనుతుంది, ముళ్లపందికి ఆనదు. అదే కాయను ముళ్లపంది మూతి దగ్గర పెడితే పాతబడి మక్కిన వాసన వెంటనే పట్టేస్తుంది, పుంజుకు ఆ వాసన అంతగా తెలియదు. యానిమేషన్‌లో ఈ కాయను తెరనిండా చూపవచ్చు. రెండు కాయలు పక్కపక్కన, ఒకదానిలో ఎరుపు, ఒకదానిలో నలుపు. మాట అవసరం లేదు, అయిదేళ్ల పిల్లవాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు.

దోషి ఎవరన్నది మీ ఇష్టం. నేనైతే గుమ్మికి కాపలా ఉండే ఉడుతను పెడతాను. ఉడుత పగటి జీవి, నమ్మకస్థురాలు, మొదటి సన్నివేశం నుంచీ మన కళ్లముందే ఉండి వెతుకులాటలో అందరికన్నా ముందుంటుంది. వానకు కప్పు కారి విత్తనం బూజు పట్టిందని, ఊరికి చెప్పుకోలేక పాడుబడ్డ బావిలో పారబోసి, పక్క ఊరి వ్యాపారి దగ్గర పాత కాయ కొని రాత్రికి రాత్రి నింపిందని తేలుతుంది. పిల్లల కథలో దుర్మార్గం కన్నా భయంతో చేసిన తప్పు లోతుగా తాకుతుంది. దాచిపెట్టిన తప్పు ఎట్లా పెరుగుతుందో వారికి సొంత అనుభవం ఉంటుంది. ఊరిని దోచిన అసలు దుర్మార్గుడు కూడా కావాలనిపిస్తే, చెడిపోయిందని తెలిసీ మంచి విత్తనమని అమ్మిన ఆ వ్యాపారి ఉండనే ఉన్నాడు.

ఆధారాలను ఎట్లా నాటాలి అన్నదానికి మన పొడుపుకథకు మించిన గురువు లేదు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే జవాబు కనురెప్పలు. జవాబు తెలిశాక మళ్లీ వింటే అంతా ప్రశ్నలోనే ఉంది. వినేవారికి కోపం రాదు, "అరె, తట్టలేదే" అని ముచ్చట పడతారు. మీ చిత్రాన్ని రెండవసారి చూసే పిల్లవాడు అపవేళ కూత దగ్గర పక్కవారిని తట్టి "అదిగో, అప్పుడే కందిలి వచ్చింది" అనాలి. అందువల్ల ప్రతి ముఖ్యమైన ఆధారాన్నీ ముందు నవ్వులో దాచండి. నవ్వుతున్న ప్రేక్షకుడు దానిని ఆధారంగా లెక్కపెట్టడు, కాని మరచిపోడు. తెలివైన పాత్ర భూతద్దం పెట్టి నేలమీద ఏరి చూపే ఆధారాలు పిల్లలకు గుర్తుండవు, నా శిబిరాల్లో ఇది పదేపదే గమనించాను.

నకలు అన్న ప్రశ్నకు వస్తాను. పడని జాతుల జంట ఎవరి సొత్తూ కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో తెలుగు చేసిన నీతిచంద్రికలోని మిత్రలాభంలో కాకి స్నేహం కోరి వస్తే ఎలుక మొదట ఒప్పుకోదు. నీవు తినేవాడివి, నేను తిండిని, మనకు స్నేహం ఎట్లా కుదురుతుందని దాని వాదం. తరువాత తాబేలు, లేడి కూడా చేరతాయి. ఆపద వచ్చినప్పుడు కాకి పైనుంచి చూస్తుంది, ఎలుక కట్లు కొరుకుతుంది, లేడి చచ్చినట్టు పడుకుంటుంది. ఎవరి శరీరం చేయగల పని వారిది. నేను పైన చెప్పినదంతా అందులో ఉన్నదే.

మీరు భయపడుతున్న ఆ డిస్నీ చిత్రం, 2016లో వచ్చిన జూటోపియా, నుంచి నేర్చుకోదగినది వేరే ఉంది. మొదట ఆ కథను నక్క వైపునుంచి చెప్పారు. నిర్మాణం చాలా దూరం సాగాక, నక్క కళ్లతో చూస్తే ఆ నగరం మీద ప్రేక్షకుడికి ఇష్టం కలగడం లేదని గ్రహించి, కుందేలును ముఖ్యపాత్రగా మార్చి కథనంతా తిరగరాశారు. అన్యాయానికి గురైనవాడి వైపునుంచి చెప్పడం న్యాయంగా కనిపిస్తుంది కాని, ఈ రకం కథలో కళ్లు తెరుచుకోవలసినవాడి వెంట నడిస్తేనే ప్రేక్షకుడి కళ్లు కూడా తెరుచుకుంటాయి. మీ కథ ఇప్పుడు ముళ్లపంది మాటల్లో నడుస్తోంది. దానిని పుంజుకు ఇవ్వండి. ఊరు నమ్మే పుంజు, తానూ లోలోపల ముళ్లపందినే అనుమానిస్తున్న పుంజు, పేరు పోగొట్టుకొని తిరిగి సంపాదించుకోవాలనుకునే పుంజు. దానికి పోగొట్టుకోవడానికీ మార్చుకోవడానికీ ఎక్కువ ఉంది.

మీరు అడగకపోయినా భాష గురించి ఒక మాట. మీ ప్రతిలో పుంజు పుస్తక భాష మాట్లాడుతుంది, ముళ్లపంది పాలమూరు మాట మాట్లాడుతుంది, నవ్వంతా ముళ్లపంది మాట మీదనే పుట్టింది. దయచేసి మార్చండి. వీరుడికి ఒక భాష, విదూషకుడికి తెలంగాణ యాస అన్న అలవాటు తెలుగు తెరమీద ఎంతమందిని నొప్పించిందో మన ప్రాంతంవారికి చెప్పనక్కర లేదు. ఇద్దరినీ మన ఊరి మాటే మాట్లాడించండి, తేడాను మాట తీరులో చూపండి. పుంజు చాటింపు వేసినట్టు పెద్ద గొంతుతో "ఏందిది, ఎవ్వరు చేసిండ్రిది?" అని ఊరంతటికీ వినిపించేలా అడుగుతుంది. ముళ్లపంది ఎదుటివారి చెవిదాకా వచ్చి "మెల్లగ, వింటున్నరు" అంటుంది. నల్లగొండ దగ్గరి ఒక బడిలో ముఖ్యపాత్రను పిల్లల ఇంటిమాటతో చదివినప్పుడు వారు పాత్రను చూసి నవ్వడం మాని పాత్రతో కలిసి నవ్వడం నేను కళ్లారా చూశాను.

తిరగరాశాక మళ్లీ చదివి వినిపించండి, కాని ఈసారి చివరిదాకా చదవకండి. కందిలి సంగతి పుంజు, ముళ్లపంది ఒకరికొకరు చెప్పుకోబోయే ముందు ఆపి, పిల్లలందరికీ చీటీలు ఇచ్చి, ఎవరు చేశారు, నీకు ఎట్లా తెలిసింది అన్న రెండే ప్రశ్నలకు రాయమనండి. మొదటి జవాబు సరైనదా కాదా అన్నది పెద్ద విషయం కాదు, రెండవ జవాబునే చదవండి. "దాని ముఖం అట్ల ఉంది" అని రాస్తే మీ ఆధారాలు పనిచేయడం లేదు. "కాయ మీద నల్లగ ఉంది" అని రాస్తే, పేరు తప్పు రాసినా సరే, కథ నిలబడింది. నాలుగయిదు తరగతుల పిల్లలలో కొందరు ఉడుతను పట్టేసినా కంగారు పడవద్దు. పట్టుకున్న పిల్లవాడికి తన ఊహ నిజమో కాదో చూడాలన్న ఆత్రం ఇంకా ఎక్కువ ఉంటుంది.

ఖర్చు గురించి మీరు ఒక వాక్యంలో అడిగారు, నేనూ పొట్టిగానే చెబుతాను. నిండు చిత్రానికి ముందు పది నిమిషాల చిన్న చిత్రం చేయండి. సెకనుకు 24 ఫ్రేములలో ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల చొప్పున నిలిపినా సెకనుకు 12 బొమ్మలు, పది నిమిషాలకు 7,200 బొమ్మలు. ఈకలు ఒకరికి, ముళ్లు ఇంకొకరికి ఉన్న జంటను త్రీడీలో చేయడం చాలా ఖరీదు. కత్తిరించిన బొమ్మలను కీళ్ల దగ్గర కదిలించే టూడీ పద్ధతి మీకు సరిపోతుంది, తోలుబొమ్మలు చూసిన మన కంటికి అది పరాయిది కూడా కాదు. గీతలు మొదలుపెట్టకముందే స్టోరీబోర్డును, అంటే సన్నివేశాల చిత్తుబొమ్మల వరుసను, గొంతులతో కలిపి యానిమాటిక్‌గా (కదిలే చిత్తుప్రతిగా) చూసుకోండి, నవ్వు పండనిచోట్లు అక్కడే బయటపడతాయి.

చివరిగా ముళ్ల సంగతి. ముళ్లపంది ముళ్లు విసరదు. భయపడితే ముళ్లు నిక్కబొడుచుకుంటుంది, తోకముళ్లను గలగలలాడిస్తుంది, వెనక్కి దూసుకువచ్చి గుచ్చుతుంది. తగిలిన ముళ్లు ఊడి ఎదుటివారిలో ఉండిపోతాయి. విసురుతుందన్న నమ్మకం ఊర్లలో గట్టిగా ఉంది కనుక దానిని ఊరివారి నోట పెట్టండి, తెరమీద మాత్రం నిజం చేయకండి. పంచాయితీలో "దూరంనుంచి విసిరింది, నేను చూసిన" అని సాక్ష్యం చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడని తెలుసుకోవడానికి పుంజుకు అదే చాలు. ముళ్లు వాటంతట అవి కూడా రాలుతుంటాయి కాబట్టి గుమ్మి పక్కన దొరికిన నలుపు తెలుపు చారల ముల్లు ముళ్లపంది అటు వచ్చిందని చెబుతుందే కాని ఎప్పుడు వచ్చిందో చెప్పదు. ఊరు దానినే తిరుగులేని సాక్ష్యంగా పట్టుకోనివ్వండి. మీ మొదటి అంకం ముగియవలసింది ఆ పంచాయితీతోనే.